మామ అడిగిన పట్టు

శనివారం మధ్యాహ్నం నేను పనిచేసే షెడ్డులో పంపు బిగిస్తుండగా ఫోన్ వచ్చింది. మా పక్కింటి మామ పోయాడు. ఏళ్ల తరబడి స్పిన్నింగ్ మిల్లులో పత్తి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు ఇక చాలన్నాయి. స్పానర్ విసిరికొట్టాను. ఎవరి మీద కోపమో నాకే తెలియదు. దానివల్ల ఒరిగిందేమీ లేదు.

కోయంబత్తూరులో మా తెలుగు వీధికి ఆయన మిల్లు మామ. నాకు టెన్నిస్ నేర్పిన మనిషి. మిల్లు మూతపడినా దాని వెనకున్న మట్టి కోర్టుకు నీళ్లు చల్లి, చదును చేసి బతికించాడు.

మొదటిసారి నా రాకెట్ చూసి పగలబడి నవ్వాడు. చెమటకు జారకుండా మా వీధిలో అందరూ చేసే పనే నేనూ చేశాను. మిల్లులో నూలు కదుళ్లు తిప్పే గుడ్డ టేపు తెచ్చి పిడికి మందంగా చుట్టేశాను.

"ఏమిరా, ఇది రాకెట్టా, రోకలా?"

"పట్టు బాగుండాది గదా మామా."

"పిడికి ఎనిమిది పలకలుండాయి. అన్నీ మూసేస్తివి. చేతికి దావ ఎట్ల తెలుస్తుంది?"

టేపంతా తనే విప్పాడు.

టెన్నిస్ తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌కు ఆయన రెండు పట్లు చూపాడు. సుత్తి పట్టినట్టు పడితే చూపుడువేలి మొదట్లోని కణుపు ఏటవాలు పలక మీద ఉంటుంది. బంతిని కింద నుంచి కోసినట్టు స్లైస్ కొట్టడానికి అది చాలు. చెయ్యి ఇంకాస్త తిప్పి కణుపును పై పలక మీదికి తెస్తే గట్టిగా బాదొచ్చు. కానీ బంతి వచ్చేలోగా తిప్పాలి. నాకు అందేది కాదు.

"నీ పట్టేదో చెప్పు మామా, అదే పడతా!" అని అరిచేవాణ్ణి.

"నా చెయ్యి కోసి నీకు అతికిస్తారా? మెదువుగా, నిదానంగా కొట్టి చూడు. ఏదైనా సరే, నువ్వే తేల్చుకో. రెంటికీ నడుమ మాత్రం నిలబడొద్దు."

దగ్గు వస్తే నెట్ పట్టుకుని వంగిపోయేవాడు. తగ్గగానే "కానీరా" అనేవాడు.

చివరిసారి చూసినప్పుడు మంచం పక్కన ఆక్సిజన్ సిలిండర్ ఉంది. మాటకూ మాటకూ మధ్య గాలి లాక్కుంటూ అడిగాడు.

"ఏ పట్టురా?"

"ఇంకా తేల్లేదు మామా."

"తేల్చి వచ్చి చెప్పు. వినాలని ఆశగా ఉండాది."

అప్పటినుంచీ రోజూ షిఫ్టు దిగగానే బంతిని గోడకు కొట్టాను. శుక్రవారం చీకటి పడేవేళ చెయ్యి తనంతట తనే తిరిగింది. కణుపు పై పలక మీద కూర్చుంది. బంతి దూసుకుపోయింది. ఆ వేళకు ఆయన మందు వేసుకుని పడుకుంటాడు. రేపు చెబుదామనుకున్నాను.

నేను వెళ్లేసరికి స్నానం చేయించి పడుకోబెట్టారు. చేతుల బొటనవేళ్లు రెండూ కలిపి కట్టమని అత్త గుడ్డపీలిక చేతికిచ్చింది. కుడిచేతి వేళ్లు ముడుచుకుని ఉన్నాయి.

"సాపు చెయ్యరా" అన్నారెవరో.

లాగాను. రాలేదు. ఇంకోసారి లాగడానికి మనసొప్పలేదు. అలాగే కట్టాను. ఆ వేళ్ల లోపల, ఒక పిడి పట్టేంత ఖాళీ.