పాత ఓడ, కొత్త రంగు

1969 ప్రాంతంలో చిక్కడపల్లిలో కిరాయికుండేవాళ్లం. మావారికి అండమాన్ బదిలీ అయితే మద్రాసులో ఓడెక్కాం.

"పాత ఓడే. ఈమధ్యే బాగుచేసి రంగులేశారట," అన్నారు మావారు. మరీ పెద్దది కాదు. నాకన్నీ వింతే! టేకు మెట్లు, ఇత్తడి పిడులు తళతళలాడుతున్నాయి. కుళాయి తిప్పితే మాత్రం ముందు తుప్పు నీళ్లు, ఆ తర్వాతే మంచినీళ్లు.

రెండోరోజు పొద్దున నేను స్నానాలగదిలో ఉండగా ప్రమాద గంట మోగింది. బయట జనం పరుగులు. గడియ తీసి ఎంత లాగినా తలుపు రాలేదు. ఓడ మునుగుతోందనుకుని, "బాబోయ్, ఎవరైనా రండి!" అని తెలుగులోనే గావుకేకలు పెట్టాను.

"అక్కా, పరేషాన్ కాకు. ఓడ మునుగుతలేదు, అది ఊకెనే ప్రాక్టీసు," అందో మగ గొంతు బయటినుంచి. "పాత తలుపుకు రంగు మీద రంగేస్తే గిట్లనే పట్టుకుంటది. జర పైకి లేపి గుంజు, నేను ఇటుకెల్లి నూకుత."

లేపి లాగాను. వచ్చేసింది! ఎదురుగా లైఫ్ జాకెట్ తొడుక్కున్న పాలమూరు కూలీ నవ్వుతున్నాడు. మా చిక్కడపల్లి పక్కనే అశోక్‌నగర్‌లో ఇళ్లు కట్టి, ఇప్పుడు అండమాన్‌లో పనికి పోతున్నాడట. కింది అంతస్తులో ఉన్నవాడికి నా కేక వినబడింది. అదే పెద్ద ఓడైతే ఎవరికి వినబడేది?

కేకలు పెట్టినందుకు కాదు, వేరే సంగతికి నాకు సిగ్గేసింది. చిక్కడపల్లిలో మా వంటింటి తలుపూ అంతే. రోజుకు పదిసార్లు పైకి లేపి లాగేదాన్ని. ఓడలో ఆ తళతళ చూసి, నాకు బాగా తెలిసిన విద్యే మరిచిపోయాను.