ఏమీ చేయకూడని మడులు

మొన్న కూరగాయలకని బయలుదేరి, ఈమధ్యే మా వీధి చివర తెరిచిన పెద్ద దుకాణంలోకి అడుగుపెడితే, అక్కడ వంకాయలను అట్టపెట్టెల్లో సర్ది, పైన ‘పురుగుమందులు వాడనివి’ అని గుజరాతీలో చీటీ అంటించి ఉంచారు. కొనకుండానే బయటికి వచ్చేశాను. మోకాళ్ళ నొప్పులూ మతిమరుపూ కలిసికట్టుగా వచ్చిపడిన మన వయసువాళ్ళకు నిన్న ఏం తిన్నామో గుర్తుండదు గాని, సూరత్ పక్కన పల్సానా దగ్గర మా వదిన పెంచిన వంకాయతోట మాత్రం నాకింకా కళ్ళకు కట్టినట్టే ఉంది.

మాది మగ్గాల కుటుంబం, తెలంగాణ నుంచి సూరత్‌కు వచ్చి నవాగామ్‌లో ఒకే గదిలో సర్దుకుని బతికినవాళ్ళం. అన్న చదువు మానేసి పవర్‌లూమ్‌లో చేరాడు కాబట్టే నేను చదువుకుని, వ్యవసాయ కళాశాలలో పంటల పరిశోధన చూసే చిన్న ఉద్యోగం సంపాదించుకోగలిగాను. వదినది పత్తి పండించే ఇల్లు. ఆమె చిన్నతనంలో వాళ్ళ నాన్న పత్తికి మందు కొడుతూ చేలోనే పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. అందుకే, మగ్గాల చప్పుడుకు చెవులు దెబ్బతిన్న అన్న ఇక ఈ పని నావల్ల కాదని పల్సానా దగ్గర ఒక సేఠ్ పొలం కౌలుకు తీసుకున్నప్పుడు, ఆ గట్టు మీదికి విషం డబ్బా రాకూడదని వదిన ఒకే ఒక్క షరతు పెట్టింది. ఆమె మాటకు ఎదురు చెప్పడం అన్నకు ఎప్పుడూ చేతకాలేదు.

ఆ రోజుల్లోనే మా కళాశాలా, తెలంగాణ వైపు పరిశోధన సంస్థ ఒకటీ కలిసి, పురుగుమందులు లేని సేద్యం మీద పని మొదలుపెట్టి, అన్న పొలాన్ని ఎంచుకున్నాయి. సగం మడులకు వేపగింజల కషాయం కొట్టాలి, మిగతా సగం మడులకు ఏమీ చేయకూడదు, పురుగు తింటే తిననివ్వాలి, అప్పుడే గదా కషాయం ఎంత కాపాడిందో తెలిసేది. వదినను కూర్చోబెట్టి ఇదంతా చెబితే బుద్ధిగా తల ఊపింది. అప్పటికే రంగుల మిల్లువాళ్ళు ఆ పొలం కోసం సేఠ్ చుట్టూ తిరుగుతున్నారు. ఫలితం బాగుంటే కళాశాలే ఆ పొలాన్ని చాలా ఏళ్ళకు కౌలుకు తీసుకుని, సేద్యం అన్నావదినలకే అప్పగిస్తుందని మా పెద్దసారు మాట ఇవ్వడంతో, సేఠ్ ఆ ఒక్క పంట వరకు ఆగుతానన్నాడు.

పంట బ్రహ్మాండంగా వచ్చింది. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, కషాయం కొట్టిన మడులూ ఏమీ చేయని మడులూ ఒక్కలాగే కళకళలాడుతున్నాయి. రోజూ పొద్దున వెళ్ళి పుచ్చిన వంకాయలు వేరుచేసి చూసుకుని వచ్చే నాకు ఏమీ అంతుపట్టలేదు, పెద్దసారైతే ఈ నేలలో అసలు పురుగే లేదేమోనన్నారు. ఇంతలో తెలంగాణ సంస్థవాళ్ళు చూడటానికి వచ్చారు. పరాయి రాష్ట్రంలో ఆఫీసర్ల నోట తన తెలంగాణ మాట వినేసరికి వదిన సంబరానికి పట్టపగ్గాలు లేవు. జొన్నరొట్టెలూ వంకాయకూరా పెట్టి, అడగకుండానే తోటంతా తిప్పి, ఆ ఏమీ చేయని మడుల దగ్గర ఆగి మురిపెంగా చెప్పింది.

“వీటికి ఏం జెయ్యొద్దన్నరు గద సార్, మందుమాకు ఏం గొట్టలే. గని కొమ్మలు తలలేలాడేస్తుంటె సూస్కుంట ఎట్ల కూసుంటం? మా మరిది అటు వోంగనే పురుగువట్టిన కొసలన్ని తెంపి కాలవెట్టిన. గిప్పుడు జర సూడుండ్రి, ఎంత మంచిగున్నయో!”

వచ్చినవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దాయన మాత్రం, చాలా బాగున్నాయమ్మా అన్నాడు. పోల్చి చూడటానికి ఏమీ మిగలక ఆ పంట పరిశోధనంతా పనికిరాకుండా పోయింది. ఇంకొక్క పంట చూద్దామని పెద్దసారు ఎంత బతిమాలినా సేఠ్, “హవే బస్, సాహెబ్”, ఇక చాలని చేతులు జోడించేశాడు. పొలం మిల్లువాళ్ళ పాలైంది, అన్న మళ్ళీ మగ్గం దగ్గరికే వెళ్ళాడు. వదినను ఆయన ఒక్క మాటా అనలేదు, అని ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేదేమోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. తర్వాత సర్కారు కట్టించిన కోసాడ్ కాలనీలో పై అంతస్తున వాళ్ళకు ఇల్లు వచ్చింది గాని, అక్కడ ఒక కుండీ పెట్టుకోవడానికైనా చోటు లేదు. పోయేముందు దవాఖానాలో వదిన నా చెయ్యి పట్టుకుని, “మొక్కను సావనియ్యకుంటె గూడ తప్పేనా, మరిదీ?” అని అడిగింది. కాదు వదినా అని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఇప్పుడు ఈ పరిశోధనలు చాలా పకడ్బందీగా జరుగుతున్నాయి. ఉద్యోగ విరమణ తర్వాత పాత పరిచయం కొద్దీ పిలిస్తే ఒకసారి వెళ్ళి చూసి వచ్చాను. మడుల చుట్టూ కంచె, మూలమూలకూ కెమెరాలు, రైతు తన చేలోకి తాను వెళ్ళాలన్నా అడిగి వెళ్ళాలి. పద్ధతి అదే, కాదని నేనూ అనను. కానీ గట్టు మీద నిలబడి చూస్తే, ఏమీ చేయకూడని మడుల్లో మొక్కలు తలలు వాల్చేసి చావవలసినట్టే చస్తున్నాయి, అయ్యో అనే మనిషి ఒక్కరూ లేరు.