క్యాలెండరులో నా మొహం

ఆ రోజుల్లో నిజాయితీ అంటే ఆఫీసులో ఒక సెక్షను అనుకునేదాన్ని. క్యాషు, లోన్లు, డిస్పాచి లాగే దానికీ ఓ టేబులు, ఓ కుర్చీ ఉంటాయనీ, ఆ కుర్చీలో మనిషి ‘ఇది తప్పండీ’ అనగానే మిగతావాళ్లు నాలిక్కరుచుకుని దిద్దేసుకుంటారనీ నా గట్టి నమ్మకం. అప్పుడే డిగ్రీ పూర్తయింది. నాన్న రాజమండ్రి వైపు నుంచి పోర్టు ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. తొంభైల చివర్లో ఆయన స్నేహితుడెవరో చెబితే ద్వారకా నగర్‌లో ఓ మేడ మీదున్న ఫైనాన్స్ కంపెనీలో చేరాను. బ్యాంకు కంటే ఎక్కువ వడ్డీ ఇస్తామని జనం దగ్గర డిపాజిట్లు తీసుకునే కంపెనీ అది. యజమానిని అందరూ బాబుగారు అనేవారు.

ఓ రోజు ఆడిటరొచ్చి, కొత్త నిబంధనలొచ్చాయి, అవి అమలవుతున్నాయో లేదో చూసే మనిషి ఒకరుండాలి అన్నాడు. బాబుగారు హాలంతా కలయజూసి నా దగ్గర ఆగారు. “ఈ పాప మొకం సూడండి. అబద్దమాడే మొకమేనా ఇది? ఇదిగో పాపా, ఇకనుంచి రూల్సాఫీసరు నువ్వే.” ఎంపికంటే అంతే. (పరీక్ష పెట్టి ఉంటే ఇంకా గర్వపడేదాన్ని.) నేను ఆ నిబంధనల పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని అక్షరం వదలకుండా చదివాను. గోడకి ‘బహుమతులు స్వీకరించబడవు’ అని బోర్డు కొట్టించాను. దీపావళికి ఓ కాంట్రాక్టరు పంపిన కాజాల పెట్టెలు గుమ్మంలోనే ఆపి వెనక్కి పంపించేశాను. తోటివాళ్లు చాలాకాలం నాతో మాట్లాడలేదు. (అవి నేతి కాజాలట.) బాబుగారు మాత్రం మురిసిపోయి ఫొటోగ్రాఫర్ని పిలిపించారు. “నవ్వు పాపా. పళ్లు కనపడకుండా. అదీ... నిజాయితీగా!”

కొత్త సంవత్సరానికి ఆ నవ్వు క్యాలెండరైంది. నా మొహం కింద ‘మీ సొమ్ముకు మా మాట’ అని ఎర్రక్షరాలు. పాన్ షాపుల్లో, టైలర్ల దగ్గర, మా పిన్ని వంటింట్లో, ఎక్కడ చూసినా నేనే. భీమిలి నుంచి బస్సులో బుట్ట వేసుకుని మా క్వార్టర్సుకొచ్చే చేపలత్త నన్ను ఎగాదిగా చూసి, “కేలండరులో బొమ్మ నువ్వే గదా? నిన్ను సూసే మా డబ్బులేసినాం” అంది. మొగుడి పడవకి ఇంజను కొనాలని ఏళ్లుగా కూడబెట్టుకున్న డబ్బు. ఆ పూట నేను నేల మీద నడవలేదు.

నా ఖర్మ, నియమాలు చదివినదాన్ని ఊరుకోకుండా ఫైళ్లు కూడా చదివాను. డిపాజిట్లన్నీ బాబుగారి చుట్టాలకే అప్పులుగా వెళ్తున్నాయి. వాళ్లు వాటితో భీమిలి రోడ్డులో స్థలాలు కొంటున్నారు. తాకట్టు లేదు, హామీ లేదు. చెల్లెలి మొగుడికిచ్చిన అప్పు చూపించి, “దీనికి తాకట్టేదండీ?” అనడిగాను. బాబుగారు నిజంగానే ఆశ్చర్యపోయారు. “తాకట్టేటమ్మా? మా సెల్లే ఉంది గదా ఆడికాడ!”

సరిగ్గా అప్పుడే పైనుంచి తనిఖీ అధికారి వస్తున్నారని తెలిసింది. నా రోజు వచ్చిందనుకున్నాను. ఇస్త్రీ చీర కట్టుకుని ఫైళ్లు పట్టుకుని సిద్ధంగా ఉంటే, ఆయన్ని ఆఫీసుకి కాకుండా నేరుగా సింహాచలం తీసుకెళ్లారు. క్యాలెండరులో అమ్మాయిని కనక నన్నూ కారెక్కించారు. బాబుగారు ప్రసాదం కొనడానికి దిగగానే, ఇంతకన్నా సమయం దొరకదని అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. అధికారిగారు కళ్లు మూసుకుని విన్నారు. “చూడమ్మా, స్వామి సన్నిధిలో ఇలాంటి అశుభం మాటలు మాట్లాడకూడదు,” అన్నారు. మధ్యాహ్నం భీమిలిలో చేపల భోజనం ఏర్పాటు చేశామని బాబుగారంటే మాత్రం మండిపడ్డారు. “దర్శనం చేసుకున్న రోజు నీసా? నియమం అంటే నియమమే!” అందుకని తనిఖీని మర్నాటికి పొడిగించి మరీ చేపలు తిన్నారు. అంత నిష్ఠ గల అధికారిని నేను మళ్లీ చూడలేదు.

కంపెనీలో అంతా సవ్యంగా ఉందన్న ధ్రువపత్రం సంతకానికి నా ముందుకొచ్చింది. పెట్టనన్నాను. అరుస్తారనుకున్నాను. బాబుగారు ఎంతో ఆప్యాయంగా, “వద్దులే పాపా. నీ సంతకం ఎవులికి గావాల? నీ బొమ్మ ఉంది గదా,” అన్నారు. ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చాను. ఆపమన్నవాళ్లు లేరు.

తర్వాత ఇల్లిల్లూ తిరిగాను, డబ్బు తీసేసుకోండని. “నీకు పడకపోతే మానేశావు, కంపెనీనెందుకే ఆడిపోసుకుంటావు?” అంది పిన్ని. చేపలత్త కూడా నవ్వేసింది. “ఏటమ్మా, బొమ్మలో అంత సల్లగా నవ్వతన్నావు, ఇక్కడేటో బయపెడతన్నావు?” నా మొహమే నా మాటకి అడ్డం పడింది.

వర్షాలు మొదలయ్యేసరికి షట్టరు దిగిపోయింది. బాబుగారి జాడ లేదు. జనం ఆయన ఇంటికెళ్లారు, తాళం. కాసేపటికి మా క్వార్టరు ముందు నిలబడ్డారు. నాన్న గుమ్మంలో అడ్డంగా నిలబడి అందరికీ చేతులు జోడించారు. జీవితంలో ఎవరికీ చేతులు జోడించాల్సిన పని చెయ్యని మనిషి. అది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు రాదు. తర్వాత పోలీసులు పిలిపించారు. ఎస్సైగారు టేబులు మీద క్యాలెండరు పరిచి, ఓసారి దాన్నీ ఓసారి నన్నూ చూసి, “కంపెనీ తరఫున మాకు దొరికింది మీరొక్కరేనమ్మా,” అన్నారు. ముద్దాయిగా నా పేరు రాయబోతుంటే, తలుపు దగ్గర గలాటా. చేపలత్త.

“రాయకండి బాబూ! ఈ పిల్ల మా ఈదికొచ్చి సెప్పింది. నాను ఇన్నేదు. ఇననిది నాను, తప్పు దానికేటి?”

ఆ సాక్ష్యంతో నన్ను వదిలేశారు. ఇంజను డబ్బు మాత్రం తిరిగి రాలేదు. బాబుగారు కొన్నాళ్లకి తిరిగొచ్చి, ఎన్నికల్లో గెలిచి, బడిపిల్లలకి నీతి గురించి చెబుతూ పేపర్లో కనిపించారు. అందులోనూ నిజాయితీగానే నవ్వారు.

ఆ రోజు స్టేషను బయట చేపలత్త నాకు చెరుకురసం ఇప్పించింది. ఆమె డబ్బుతో, ఆ పరిస్థితిలో. తాగుతుంటే అడిగింది. “ఇంతకీ అక్కడ నీ పనేటమ్మా?”

“తప్పు జరిగితే చెప్పడం.”

“సెప్పినావు గదా?”

“చెప్పాను.”

“మరింకేటి,” అని బుట్ట ఎత్తుకుని బస్సుకి వెళ్లిపోయింది.

ఆ ఉద్యోగానికి నాకు దొరికిన అనుభవపత్రం అదొక్కటే. ఎక్కడా చూపించడానికి పనికిరాలేదు. ఇప్పుడు ఆ ఇస్త్రీ చీర పిల్ల గుర్తొస్తే నవ్వుకుంటాను. లోకం దిద్దుకుంటుందని ఎంత సిద్ధంగా కూర్చుందో, పిచ్చిది! ఒక్కోసారి దాని పక్కన కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.