నాయన ఆలస్యంగా అన్న ఆమెన్

మా అమ్మ నాయనకు ఎదురు చెప్పదు. భర్తకు లోబడి ఉండాలన్న మాటను ఆమె నిజంగానే నమ్ముతుంది. అయితే పుంగనూరులోని మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన ఒకటుంది. అన్నానికి ముందు అందరం చాప మీద కూర్చుని, వంతు ప్రకారం ఒక్కొక్కరం గొంతెత్తి ప్రార్థించాలి. ఒకరు ప్రార్థిస్తుంటే మిగతావాళ్లు కళ్లు తెరవకూడదు, అడ్డు రాకూడదు. చివర్న అందరూ ఆమెన్ అనాలి. ఇవన్నీ నాయన పెట్టిన నియమాలే.

అమ్మ వాటిని తూచా తప్పకుండా పాటించేది.

"ప్రభువా, ఈయప్పకు దగ్గు ఇంకా తగ్గలే. మాత్రలు తెచ్చుకోని అల్మారాలో దాపెట్టుకోనుండాడు. నువ్వన్నా సెప్పు తండ్రీ."

నాయన దగ్గుతూనే ఆమెన్ అనేవాడు. అన్నం తిన్నాక అటు తిరిగి మాత్ర మింగేవాడు. నాయన వాళ్లమ్మ, మా అవ్వ, నా చెవిలో గొణిగేది. "మీయమ్మ మొగుడికి ఎదురు సెప్పదు మే. నేరుగా పైకే అర్జీ పెడతాది."

నా ప్రార్థన మాత్రం చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్నదే. మనసులో ఉన్నది డైరీలో రాసుకోవడమే గానీ పైకి చెప్పడం నాకు చేతకాదు.

రోజూ బస్సులో మదనపల్లెకు పోయి చదువు ముగించాక, కుప్పంలోని ఒక కాలేజీ లైబ్రరీలో నాకు ఉద్యోగం వచ్చింది. రోజంతా పుస్తకాల మధ్య పని. పిలుపు వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు, సంతోషంతో. సోమవారంలోగా జవాబు చెప్పాలి. పని నుంచి వచ్చిన నాయన చొక్కా గుండీలు విప్పుతూ విన్నాడు.

"ఆడ నీకెవురుండారమ్మా? పలమనేరులో బస్సు మారాల. ఒక్కదానివే ఆడ యాల ఉండేది? ఈడనే ఏదో ఒకటి దొరుకుతాది."

"సరే నాయనా" అని వంటింట్లోకి వచ్చేశాను. అమ్మ టమోటాలు తరుగుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"పోవాలని లేదా నీకు?"

"ఉండాది. నాయన మాటకు లోబడాల గదమ్మా."

"లోబడు, ఎవురొద్దన్నారు? నీ మనసులో ఏముండాదో తెలీకుండా ఆయప్ప మాత్రం ఏం తీర్మానం సేస్తాడు? ప్రార్థనలో వస్తాది గదా నీ వంతు."

ఆ సాయంత్రం నా వంతు వచ్చింది. నేర్చుకున్న ప్రార్థన మొదలుపెట్టబోయి ఆగిపోయాను.

"ప్రభువా, నాకు కుప్పం పోవాలనుండాది. ఆ పని నాకు చానా ఇష్టం. నాయన వద్దంటే పోను, కోపం కూడా పెట్టుకోను. కానీ నాకు ఇష్టమని ఆయనకు తెలియాల. ఆమెన్."

అమ్మ ఆమెన్ అంది. అవ్వ ఇంకా గట్టిగా అంది. నాయన అనలేదు.

మా ఇంట్లో అట్లా ఎప్పుడూ జరగలేదు. కళ్లు తెరిచి ఆయన ముఖం చూడాలనిపించింది గానీ నియమం నియమమే. పక్కింట్లో కుక్కరు కూత పెట్టింది. మా అన్నం చల్లారిపోతోంది. చివరి వంతు నాయనది. చాలాసేపటికి గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువా, ఈ బిడ్డకు కిటికీ పక్కన సీటు లేకుంటే బస్సులో వాంతులవుతాయి. నీకు తెలుసు. పలమనేరులో దిగేటప్పుడు బ్యాగు మర్సిపోకుండా సూడు. కుప్పంలో మంచి ఆడపిల్లల హాస్టలు సూపించు. ఆదివారం మందిరానికి ఎగ్గొట్టనీయొద్దు. నాకు బయమైతాంది తండ్రీ. ఆ బయాన్ని నువ్వే తీసెయ్యాల. ఆమెన్. ఇందాక బిడ్డ సేసిన ప్రార్థనకు కూడా ఆమెన్."

"అన్నం పెట్టు మే, సల్లారిపాయె" అంది అవ్వ.

ఇప్పుడు కుప్పంలో నేనుండే హాస్టలుకు సాయంత్రం ఫోన్ వస్తుంది. చాప మధ్యలో ఫోను పెట్టి, స్పీకరు ఆన్ చేసి అక్కడ ప్రార్థన మొదలుపెడతారు. నేను మంచం మీద కూర్చుని కళ్లు మూసుకుంటాను. నాయన కూడా అమ్మ దారే పట్టాడు.

"ప్రభువా, ఈ బిడ్డ తిన్నానని సెప్తాది. గొంతు సూస్తే తిన్నట్టు లేదు. పుస్తకం పట్టుకోని కూసోనుంటాది. నువ్వే సూసుకో."

తినలేదు మరి. ఆమెన్ అని, పుస్తకం మూసి, కంచం తీసుకుని కిందికి దిగుతాను.