టవల్ కప్పనిదే వదలని నరసయ్య కాక

సాయంత్రం ఆరు దాటింది. మధ్యాహ్నం మొదలైన వాన ఇంకా తెరిపివ్వలేదు. పవర్‌లూమ్ కార్ఖానాలో పొద్దంతా నిలబడి వస్తున్న ఎల్లయ్య కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. పొద్దున తిన్న జొన్నరొట్టె, పల్లీల చట్నీ ఎప్పుడో అరిగిపోయాయి. ప్యాంటు పైకి మడుచుకుని, మోకాలి లోతు నీళ్లలో కాళ్లీడ్చుకుంటూ మయూర్ హైట్స్ గేటు దాటాడో లేదో, మెట్ల మీద నుంచి ఎవరో అతని భుజాల మీద కొత్త టవల్ కప్పారు. ఎవరో ఏమిటి, పై అంతస్తు నరసయ్య కాక.

“ఇంత వానల డ్యూటీ నుంచి నడిసొచ్చిండు. ఈయన మామూలు మనిషి కాదు,” అన్నాడు కాక, ఖాళీ మెట్ల వైపు తిరిగి, అక్కడ సభ కూర్చున్నట్టు.

“కాకా, ఆకలైతుంది. తిన్నంక చేస్కో నీ సత్కార్.”

“తిన్న మనిషికి సత్కార్ చేస్తె కుర్చీలనే కునుకు తీస్తడు. నిలబడు, రెండు ముక్కలు మాట్లాడి ఇడ్సిపెడ్త.”

ఆ రెండు ముక్కలు అయ్యేసరికి లోపల భార్య శారద వడ్డించిన అన్నం చల్లారిపోయింది.

నరసయ్య కాకకు ఉన్న జబ్బు అదొక్కటే. కనబడ్డ మనిషినల్లా సత్కరించడం. టవలూ టోపీ పెట్టి, కొబ్బరికాయ చేతికిచ్చి గౌరవించడం సోలాపూర్‌లో అందరికీ అలవాటే. కానీ అందరూ దానికో పెళ్లో, ఉద్యోగ విరమణో చూసుకుంటారు. కాకకు అవేవీ అక్కర్లేదు. మనిషి దొరికితే చాలు, కారణం తర్వాత పుట్టేది.

ఒకసారి పార్కింగ్‌లోకి పాము వస్తే పట్టేవాణ్ని పిలిపించారు. అతను పామును పట్టి సంచి కోసం చూస్తుంటే కాక వచ్చి టవల్ కప్పాడు. “కాకా, ముందుగాల సంచి,” అని అతను మొత్తుకున్నా వినలేదు. అతని తాత పుట్టుక దగ్గర్నుంచి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ఒక చేతిలో కొబ్బరికాయ, ఒక చేతిలో పాముతో అతను చివరిదాకా నిలబడ్డాడు. పాము కూడా కదలకుండా విన్నదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

రెండో అంతస్తులో దీపాలి అని ఉంది, బ్యాంకులో పని. ఆమె అత్త భాగ్యలక్ష్మి ఒక పూట జ్వరం వచ్చి కోడలితో పోట్లాడలేకపోయింది. సాయంత్రానికల్లా కాక టవల్‌తో దిగాడు. “కోడలిని కూతురి లెక్క చూసే తల్లి,” అని బిల్డింగంతా వినేట్టు చెప్పాడు. జ్వరం తగ్గాక భాగ్యలక్ష్మి నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు, “ఏమే, సత్కార్ అయినంక గూడ ఇదేనా,” అనేవారు. పాపం, ఆమెకు తిట్టుకోవడానికి పక్కింటి కుక్క తప్ప ఎవరూ మిగల్లేదు.

ఈ నవ్వులన్నీ ఎండాకాలంలోనే. వానాకాలం వస్తే మయూర్ హైట్స్‌లో నవ్వేది బిల్డర్ వైభవ్ శేట్ ఒక్కడే, అదీ గేటు పక్కన పెట్టిన బోర్డు మీది ఫొటోలో.

అక్కల్‌కోట్ రోడ్ మీంచి లోపలికి తిరిగితే పల్లంలో ఉంటుంది ఆ బిల్డింగ్. వెనక పాతకాలం నుంచి ఒక నాలా పారేది. వైభవ్ శేట్ కాంపౌండ్ గోడను తిన్నగా నాలాకు అడ్డంగా లేపాడు. వాన పడితే ముందు రోడ్డు మీది నీళ్లన్నీ లోపలికొచ్చి, బయటికి పోయే దారిలేక గోడకు తగిలి వెనక్కి మళ్లుతాయి. ముందుగా ఎల్లయ్య ఇంట్లోకి. అతనిది కింది అంతస్తు.

నీలం నగర్‌లో అద్దె గదుల్లో సగం జీవితం గడిపి కొనుక్కున్న ఇల్లు అది. శారద బీడీలు చుట్టే ఆకూ తంబాకూ మంచం కింద నుంచి మంచం మీదికి, మంచం మీద నుంచి బీరువా మీదికి ఎక్కాయి. ఈసారి బీరువా మీదా తడిసిపోయాయి.

“ఇంకొక్క వాన జూస్త,” అంది శారద తడి ఆకు పిండుతూ. “మళ్ల ఇంట్లకు నీళ్లొస్తె నేను విడీ ఘర్కుల్ కాలనీల మా అమ్మ దగ్గరికి పోత. నువ్వూ నీ ఫ్లాటూ ఈత కొట్టుకోండ్రి.”

ఆమె వేళాకోళంగా చెప్పలేదని ఎల్లయ్యకు తెలుసు.

బిల్డింగ్ వాళ్లు తిరగని చోటు లేదు. హోట్గి రోడ్ ఆఫీసుకు పోతే “శేట్ సైటు మీద ఉన్నరు” అనేవారు. సైటుకు పోతే “శేట్ ఆఫీసుల ఉన్నరు.” దీపాలి ఫోన్ చేస్తే భక్తిగీతం మొత్తం వినిపించి కట్ అయ్యేది. ఒక్కసారి మాత్రం శేట్ కారులో గేటుదాకా వచ్చాడు. అద్దం వేలెడు దించి, “నీళ్లు పైకెల్లి పడ్తయి, నేనేం చేసేది,” అని అద్దం ఎత్తేశాడు.

అలాంటి సమయంలో నరసయ్య కాక అందరినీ పిలిచి చెప్పాడు. “వైభవ్ శేట్‌కు సత్కార్ చేద్దాం.”

ఎవరూ నవ్వలేదు.

“ఇండ్లల్ల నీళ్లు, నువ్వు వానికి హారం ఏస్తవా కాకా?” అంది దీపాలి.

“ఏస్త. పెద్దదే ఏస్త.”

“నా ఇంట్ల చేపలు పుడ్తున్నయి, నీకు టవల్ పిచ్చి పోలే,” అన్నాడు ఎల్లయ్య. అన్నాక వారం దాకా కాక ముఖం చూడలేదు.

కాక మాత్రం అందరి ముందే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. భక్తిగీతం సగంలోనే ఆగింది.

“శేట్, మీకు నలుగురి ముందట జాహీర్ సత్కార్ చేద్దామనుకుంటున్నం. పెద్దమనుషులంత వస్తున్నరు.”

“నాకెందుకు కాకా ఇవన్ని,” అని కాస్త ఆగి, “ఫొటో తీసేటోడు మీ దిక్కెల్లి ఉన్నడా, నేను తోలుకరావాల్నా?” అన్నాడు వైభవ్ శేట్.

తేదీ మాత్రం కాక ఖాయం చేయలేదు. “ముహూర్తం జూసి చెప్త,” అన్నాడు. రోజూ డాబా ఎక్కి ఆకాశం చూసేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం మబ్బు తంబాకులాగా నల్లగా కమ్ముకున్నాక ఫోన్ చేశాడు. “శేట్, ఈ పూటనే ఘడియ మంచిగున్నది.”

పార్కింగ్‌లో వేదిక లేచింది. ముందు వరసలో కులపెద్దలు. వాళ్ల వెనక, హోట్గి రోడ్‌లో శేట్ కొత్తగా కడుతున్న బిల్డింగ్‌లో ఇళ్లు కొనాలనుకుంటున్న వాళ్లు. వాళ్లను కాక ఇల్లిల్లూ తిరిగి పిలిచి వచ్చాడు. శేట్ తెల్ల బట్టల్లో దిగి, మార్కండేయుడి పటం ముందు దీపం వెలిగించాలి కనుక బూట్లు మెట్టు దగ్గర విప్పి, వేదికెక్కాడు. కాక టవల్ కప్పాడు, టోపీ పెట్టాడు, హారం వేశాడు. సరిగ్గా అప్పుడే వాన అందుకుంది.

సోలాపూర్‌లో ఒక మర్యాద ఉంది. హారం మెడలో పడ్డ మనిషి ఆభార్, అంటే ఆఖరి ధన్యవాదాలు, పూర్తయ్యేదాకా కుర్చీ దిగకూడదు. మధ్యలో లేస్తే సభను తన్నినట్టే. ఆ రోజు ఆభార్ చెప్పే వంతు నరసయ్య కాకది.

పెద్దలకు ఆభార్ చెప్పాడు. ఫొటోగ్రాఫర్‌కు చెప్పాడు. నీళ్లు వేదిక అంచు తాకాయి.

“మా ఎల్లయ్య బీరువాకు ఆభార్,” అన్నాడు మైకులో. “మూడు వానల నుంచి నీళ్లల్ల నిలబడ్డది. ఒక్కనాడు గూడ ఆఫీసు చుట్టూ తిరగలే.”

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. వైభవ్ శేట్ పాదాలు తడిశాయి. ఒక కాలు ఎత్తి కుర్చీ అడ్డకర్ర మీద పెట్టుకున్నాడు.

“శారదమ్మ తంబాకుకు ఆభార్. కిందికెల్లి మీదికి, మీదికెల్లి ఇంకా మీదికి ఎక్కింది. ఇగ ఎక్కనీకె జాగ లేదు.”

ఇళ్లు కొనేవాళ్లు లేచి, చీరలూ ప్యాంట్లూ ఎత్తి పట్టుకుని, వింటూనే ఉన్నారు. శేట్ బూట్లు ఒకదాని వెనక ఒకటి వేదిక ముందు నుంచి తేలుకుంటూ ఎల్లయ్య ఇంట్లోకి పోయాయి.

“కాకా, అయిపోయిందా?” అన్నాడు శేట్ మెల్లగా.

“ముఖ్యమైంది ఇప్పుడొస్తది. వెనక గోడకు ఆభార్. దాని చరిత్ర జర పొడుగున్నది.”

“గోడ గురించి రేపు మాట్లాడుకుందాం.”

“రేపటిదాంక ఆభార్ నడుస్తనే ఉంటది శేట్. నాకేం తొందర లేదు, పొద్దున కడుపునిండ తినొచ్చిన.”

ముందు వరసలో ముసలి పెద్దమనిషి గొంతు సవరించుకుని, “వైభవ్, పక్క ప్లాట్ల నిలబడ్డ జేసీబీ నీదేనా?” అని అడిగాడు. వెనకనున్న కొనేవాళ్లందరూ ఆ జవాబు కోసమే మెడలు సాచారు.

మెడలో హారంతోనే శేట్ ఫోన్ తీశాడు. జేసీబీ వచ్చి గోడ మీద రెండు గుద్దులు గుద్దేసరికి నీళ్లు పెద్ద చప్పుడుతో నాలాలోకి దూకాయి. సభంతా చప్పట్లు. ఏం చేయాలో తోచక శేట్ కూడా చప్పట్లు కొట్టాడు. ఎల్లయ్య అతని బూట్లు ఇంట్లోంచి తెచ్చి, నీళ్లు వంపి, వినయంగా ఇచ్చాడు. అప్పుడు గానీ కాక, “ఇంతటితో ముగిసింది,” అనలేదు.

పెద్దలు అక్కడే మాట తీసుకున్నారు. నెల తిరిగేలోగా గోడ కింద పెద్ద పైపులు పడ్డాయి. శారద ఆకూ తంబాకూ బీరువా దిగి నేల మీదికి వచ్చాయి. విడీ ఘర్కుల్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇంత చేసిన మనిషికి సత్కారం చేయకపోతే ఎట్లా అని బిల్డింగంతా అనుకుంది. టవల్ తెచ్చే పని ఎల్లయ్యది. కాక ఎక్కడ కొంటాడో అడిగి తెలుసుకుని నీలం నగర్‌లో యమునాబాయి ఇంటికి వెళ్లాడు. ముసలామె, ఒక్కతే ఉంటుంది, ఇంట్లో ఒకటే మగ్గం. చూపు తగ్గాక ఆమె నేసే టవళ్ల అంచు వంకర పోతోంది. దుకాణాల వాళ్లు తీసుకోవడం ఎప్పుడో మానేశారు.

“ఊరికె ఇస్తె మాత్రం ఎవరి దగ్గర పైసలు తీస్కోనయ్యా,” అంది ఆమె. “నర్సయ్య మంచిగ పని జెప్తడు. ప్రతి హఫ్తా ఒక సత్కార్ ఉంటదంట గద మీ దగ్గర. ఎవరికి ఎందుకు చేస్తున్నరో కూసోని అంత జెప్పి, అప్పుడు టవల్ దీస్కపోతడు. పాము పట్టుకోని ఉపన్యాసం విన్నాయన బాగున్నడా? కోడలిని కూతురి లెక్క చూసే తల్లి?”

“బాగున్నరు,” అన్నాడు ఎల్లయ్య. టవల్ వంకర అంచును వేలితో తడిమాడు.

“వానల నడిసొచ్చినాయన?”

“ఆయన గూడ బాగున్నడు.”

“ఎంత గొప్పోళ్లుంటరయ్యా మీ బిల్డింగ్‌ల,” అని ఆమె ఎల్లయ్యను ఎగాదిగా చూసింది. “నువ్వు ఏం జేసినవ్?”

ఎల్లయ్యకు నవ్వు ఆగలేదు. సత్కారానికి ఆమెను కూడా రమ్మని చెప్పి వచ్చాడు.

సభ రోజు పార్కింగ్ నిండింది. దీపాలి హారం పట్టుకుని, భాగ్యలక్ష్మి కొబ్బరికాయ పట్టుకుని కాకను పిలవడానికి మెట్లెక్కారు. తలుపుకు తాళం. తెల్లవారకముందే చేతిసంచితో గేటు దాటాడని పాలవాడు చెప్పాడు. ఎక్కడికని అడిగితే చెయ్యి ఊపాడే తప్ప నోరు తెరవలేదట. ఎక్కడ ఆగినా మాట్లాడే మనిషి.

“ఇంతమందికి కప్పినోడు, తనకు కప్పుతరంటె ఉరికిండు,” అని శారద పడీపడీ నవ్వింది. అంతలో వాన మొదలైంది. ఈసారి నీళ్లు పైపుల్లోంచి పోయాయి, పార్కింగ్ నేల తడవలేదు. కాక ఏ బస్సెక్కి ఉంటాడన్న వాదులాటలో ఆ సంగతి ఎవరూ గమనించనే లేదు.

ముందు కుర్చీలో యమునాబాయి ఒళ్లో టవల్ పెట్టుకుని దిగులుగా కూర్చుంది. “ఆయన పాయె. ఇగ వచ్చే హఫ్తా సత్కార్ ఉంటదో లేదో.”

ఎల్లయ్య ఆమె పక్కన కుర్చీ లాక్కున్నాడు. “ఎందుకుండదు బాయి? పైపులు ఏసిన మేస్త్రి ఉన్నడు. ఆయన కథ జర పొడుగున్నది, ఇనుండ్రి.”