నా వంగమడిలో టేపు బాబాయి

మా బాబాయి కొలవనిదే దేన్నీ నమ్మడు. ఏ స్థలంలో ఏం చేసుకోవచ్చో చూడటం మున్సిపల్ ఆఫీసులో ఆయన పని. చొక్కా మరిచి బయటికొచ్చిన రోజులున్నాయిగానీ, టేపు మరిచిన రోజు లేదు. ఒకసారి పిన్ని అలిగి అటు తిరిగి పడుకుంటే, మధ్యలో ఎంత జాగా ఉందో కొలిచి, "పోయినసారికంటే నాలుగంగుళాలు తక్కువే. కోపం తగ్గింది" అన్నాడట. ఆ మాటకి ఆవిడ లేచి పక్కగదిలోకి పోయింది. ఈయన గుమ్మం దాకా కొలిచి ఊరుకున్నాడు.

మా వీధిలోని ఖాళీ స్థలాన్ని మడులుగా పంచుకుని అందరం కూరలు పండిస్తాం. నాకు ఉద్యోగం ఇవ్వని లోకం ఒక వంగమడి మాత్రం ఇచ్చింది. పక్కమడి ఆకుకూరల అత్తది. కోసిన తోటకూర రోడ్డుకి అవతల తన గుమ్మంలో పెట్టి అమ్ముకునేది. ఇల్లు దానితోనే గడిచేది. లోపల మావయ్య మంచం పట్టాడు, మాట పడిపోయింది. చెయ్యెత్తితే అత్త పరుగెత్తాలి.

ఎవరో ఫిర్యాదు చేశారు. బాబాయి వచ్చాడు.

"ఇళ్ల మధ్య గుమ్మాల్లో అమ్మకూడదమ్మా. పండించిన చోటే, రోడ్డుకి పదడుగులు లోపల బల్ల వేసుకోవాలి."

"నేనక్కడ కూర్చుంటే ఆయన్ని ఎవరు కనిపెడతారు అన్నయ్యా?"

బాబాయి టేపు తీసి గుమ్మం కొలుచుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. "నీ రూల్స్ పుస్తకం పెడుతుందా వాళ్లకి అన్నం?"

నన్ను ఎగాదిగా చూశాడు. "ఐదడుగుల ఏడంగుళాలు. ఇంత కోపం ఎక్కడ పట్టిందిరా?"

తర్వాత మూడు రోజులు తెల్లవారేసరికి తోటలో ఉన్నాడు. పొగమంచులో తోటంతా పాలలో ముంచినట్టుండేది. అందులో పసుపుపచ్చ టేపు ఒక్కటే తేలుతూ పోయేది. వెనక బాబాయి బెండమొక్కల మధ్య గొంతుక్కూర్చుని, లేచి, రెండడుగులు జరిగి, మళ్లీ కూర్చునేవాడు. నిద్రలో నడిచే మనిషి కలలో కూడా కొలుస్తున్నట్టుండేది.

"ఇంకా ఎవరి తప్పులు వెతుకుతున్నావ్?"

"మంచు విడనియ్యి. అడ్డం లే."

మూడోరోజు నా వంకాయల నడుమ మేకు దిగ్గొట్టాడు. "బల్ల ఇక్కడ. రోడ్డుకి పదకొండడుగులు."

"అది నా మడి!"

"సగమే."

"ఇంత తోటలో నా వంకాయలే దొరికాయా నీకు?"

"కూర్చుని అరుద్దువుగాని." పీట ముందుకు తోశాడు.

కూర్చున్నాను. మంచు పలచబడుతోంది. చిక్కుడు పందిరికీ గేటుకీ మధ్య సందులోంచి రోడ్డు, అవతల అత్త కిటికీ, కిటికీలో మంచం, దుప్పటి మీద మావయ్య చెయ్యి. లేచి నిలబడితే తీగ అడ్డం. పక్కకి జరిగితే గోడ.

ఆయన రాసిచ్చిన కాగితంలో బల్ల పొడవు, వెడల్పు ఉన్నాయి. వాటి కింద, 'పీట ఎత్తు: పద్దెనిమిది అంగుళాలు' అని ఉంది.

"పీట ఎత్తు కూడా రూల్సులో ఉందా బాబాయ్?"

"లేదు," అన్నాడు టేపు చుట్టుకుంటూ.

వంగమొక్కలు నేనే పెళ్లగించి అవతల నాటాను.

అత్త వచ్చి కూర్చుంది. మొదటి కట్ట అమ్మబోతుండగానే కిటికీలో చెయ్యి లేచింది. కట్ట నా ఒళ్లో పడేసి రోడ్డు దాటి పరుగెత్తింది. కాసేపటికి కొంగు సర్దుకుంటూ, సిగ్గుపడుతూ తిరిగొచ్చింది.

"ఏమైందత్తా?"

"ఏమీ లేదురా. నేను కనబడ్డానని చెయ్యి ఊపారు, అంతే."