పదమూడు సున్నా నలభై ఐదు

మా బావ కూర్మయ్య నరసన్నపేటలో ఒక ఎరువుల కొట్టులో ముప్పై ఏళ్లుగా పని చేస్తున్నాడు. కొట్టు ఆయనది కాదు, కానీ రైతులు వచ్చేది ఆయన కోసమే. వరి ఆకు ఒకటి తుంచి, తడిగుడ్డలో చుట్టి తెస్తారు. బావ దాన్ని వెలుతురుకు పట్టి చూస్తాడు. కింది ఆకా, పై ఆకా అని అడుగుతాడు. చీటీ మీద ఎరువు పేరు, మోతాదు రాసి, తేదీ వేసి, సంతకం పెడతాడు. ఎరువుకి సంతకం పెట్టే గుమస్తాను నేను ఇంకెక్కడా చూడలేదు. "తప్పయితే ఈ కాయితం అట్టుకొచ్చి నా మొహాన కొట్టండి" అంటాడు. ఇంతవరకు ఎవరూ కొట్టలేదు.

నేను ఆయన బావమరిదిని, త్రినాథ్‌ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బావ మెతక మనిషని ఊరంతా అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

మూడేళ్ల కిందట మా అక్క ఈశ్వరి మోకాలి ఆపరేషనై మంచం మీద ఉన్నప్పుడు, కాలక్షేపంగా ఉంటుందని బావ ఒక అక్వేరియం కొన్నాడు. అరవై లీటర్ల గాజుతొట్టి, అడుగున మట్టి, నాలుగు రకాల నీటి మొక్కలు, పది చేపలు. అక్క ఆ పదింటికీ పేర్లు పెట్టుకుంది. నెల తిరిగేసరికి మొక్కల కింది ఆకులు పచ్చదనం పోయి పసుపురంగుకి తిరిగాయి. బావకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఒక ఆకు తుంచి, తడిగుడ్డలో చుట్టి, ఆదివారం బస్సెక్కి విజయనగరం వెళ్లాడు, ఆ తొట్టి అమ్మిన ధనరాజ్ కొట్టుకి. నేనూ వెంట వెళ్లాను.

ధనరాజ్‌కి చేపల వ్యాపారం సగం, ఫోనులో వీడియోలు పెట్టడం సగం. బావ గుడ్డ విప్పుతుంటే కొనడానికి వచ్చినవాళ్లకు కన్నుగీటి, ఫోను ఇటు తిప్పి పెట్టాడు.

"ఏటి మావా, ఆకు అట్టుకొచ్చినావు? వరి సేను అనుకున్నావేటి?"

"నత్రజని సాల్లేదని నాకు తెలుస్తన్నాది బాబూ. నీళ్లల్లో సేపలున్నాయి కదా, ఏది ఎయ్యాలో తెలక వచ్చినాను" అన్నాడు బావ.

"నీ కొట్లో యూరియా లేదేటి? ఒక సెంచా పడెయ్యి."

"సేపలకేటీ అవదు కదా?"

"ఏటవుతాది మావా. బలుస్తాయి."

మోతాదు చెప్పే దగ్గర ఒక మనిషి వేళాకోళమాడతాడని బావకు తట్టలేదు. ముప్పై ఏళ్లలో ఆయన ఎవరితోనూ ఆడలేదు మరి. ఇంటికొచ్చి చెంచాడు యూరియా వేశాడు. మూడో రోజు పొద్దున పది చేపలూ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. అక్క గోడవైపు తిరిగి పడుకుంది, ఆ పూట అన్నం తినలేదు. యూరియా నీళ్లలో అమ్మోనియాగా మారి చేపలను చంపేస్తుందని మాకు ఆ తర్వాత తెలిసింది. ధనరాజ్‌కి ముందే తెలుసు.

అంతటితో ఊరుకున్నా సరిపోయేది. చేపలు పోయాయని బావ ఫోను చేసి చెబితే, కొట్లో తీసిన ఆ వీడియోకి ధనరాజ్ ఆ కథ జోడించి, "యూరియా మావ" అని పేరు పెట్టి వదిలాడు. వారం తిరక్కుండా అది నరసన్నపేటలో ప్రతి ఫోనులోకీ చేరింది. చీటీ తీసుకున్న రైతులు మూతి బిగించి నవ్వు ఆపుకునేవారు. ఇరవై ఏళ్లుగా బావ మాట తప్ప ఇంకోటి వినని సోములు, చీటీ పట్టుకుని పక్క కొట్టులో "ఇది నిజమేనా" అని అడిగొచ్చాడు. అది బావ కళ్లారా చూశాడు.

"సేపలు పోతే ఇంకో పది వస్తాయి. నా సంతకం పోనాది త్రినాథూ" అన్నాడు ఆ సాయంత్రం.

వెళ్లి వాడి పళ్లు రాలగొట్టి వస్తానని లేచాను. బావ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

"దెబ్బ నాలుగు రోజుల్లో మానిపోతాది. ఆడికి మానిపోయేది నాను ఇవ్వను."

ఆయన గొంతులో మెతకదనం లేదు. నాకు చాలా సంతోషమేసింది.

ఆ తర్వాత రెండేళ్లు బావ అదే తొట్టి ముందు కూర్చున్నాడు. డ్రిప్పు తోటలకు వాడే, నీళ్లలో పూర్తిగా కరిగే ఎరువు ఒకటి ఆయన కొట్టులోనే ఉంది. పదమూడు సున్నా నలభై ఐదు అంటారు. నత్రజని పదమూడు పాళ్లు, భాస్వరం లేదు, పొటాష్ నలభై ఐదు. అందులో నత్రజని ఉండే రూపం వేరు, కొలత ప్రకారం వేస్తే చేపలకు హాని లేదు. భాస్వరం చిటికెడు విడిగా వేయాలి. ఇనుము ఇంకో రోజు వేయాలి, రెండూ కలిస్తే విరిగి అడుగున పేరుకుంటాయి. ఆదివారం సగం నీళ్లు తీసి కొత్తవి పోయాలి. కింది ఆకు పసుపైతే నత్రజని, ఆకుకి చిల్లులు పడితే పొటాష్, లేత ఆకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము. అంతా వరి ఆకు చదివినట్టే చదివాడు. చిన్న తక్కెడలో ప్రతి గ్రామూ తూచేటప్పుడు ధనరాజ్ పేరు పెదవులు కదిలేలా తలుచుకునేవాడు. తొట్టి దట్టంగా పచ్చబడింది. విజయనగరం నుంచి కూడా ఒకరిద్దరు తడిగుడ్డలో ఆకులు చుట్టుకుని వచ్చారు. రైతులు మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

పోయిన శీతాకాలం, నేను బావ కొట్టులో ఉండగా, ధనరాజ్ మెట్లెక్కి వచ్చాడు. నరసింగరావు అనే ఆసామి కొత్తగా కట్టిన కల్యాణ మండపంలో ఎనిమిదడుగుల తొట్టి పెట్టే పని వాడు ఒప్పుకున్నాడు. ఇరవై రోజుల్లో ప్రారంభం, మొక్కలేమో పండిపోతున్నాయి. ప్లాస్టిక్ కవరులో వాడిపోయిన ఆకు తీశాడు. సోములుతో సహా నలుగురు రైతులు అక్కడే ఉన్నారు.

"పాతయి మనసులో ఎట్టుకోకు మావా" అన్నాడు.

బావ ఆకును వెలుతురుకు పట్టాడు. కింది ఆకు, నత్రజని లోటు, నాక్కూడా తెలిసిపోయింది. యూరియా రాయి బావా, రాయి అని లోపల అరుస్తున్నాను. బావ రాశాడు: పదమూడు సున్నా నలభై ఐదు, తొమ్మిది వందల లీటర్లకు పన్నెండు గ్రాములు, వారానికి మూడుసార్లు, ఆదివారం సగం నీళ్లు మార్చాలి. తేదీ, సంతకం. అక్షరం తప్పులేని మోతాదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ధనరాజ్ చీటీ చదివి తలెత్తాడు. "ఇది పొలానికి ఏసేది కదా?"

"అవును."

"సేపలకేటీ అవదు కదా?"

బావ వాడి కళ్లలోకి చూశాడు. "ఏటవుతాది బాబూ. బలుస్తాయి."

ధనరాజ్ మొహం మాడిపోయింది. చీటీ జేబులో కుక్కుకుని మెట్లు దిగాడు.

వాడు ఆ ఎరువు వేయలేదు. తన కొట్టులోని రంగు సీసాలే రెట్టింపు పోశాడు. మొక్కలు కుళ్లి, నీళ్లు నాచుపట్టాయి. ఆ తప్పు బావ మీదకు తోయాలని చీటీని దగ్గరగా చూపిస్తూ వీడియో పెట్టాడు, ముసలాడు పొలం ఎరువు రాసి నా చేపల్ని చంపాలని చూశాడని, అందుకే వెయ్యలేదని. చేపలు పెంచేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో కింద రాశారు, మోతాదు సరిగ్గా ఉంది, వెయ్యకపోవడం నీ తప్పు అని. నరసింగరావూ చూశాడు. ధనరాజ్‌ని పొమ్మని, బావకు కబురు పెట్టాడు. అదే చీటీ ప్రకారం వేస్తే మూడు వారాల్లో కొత్త ఆకులు లేచాయి, ఒక్క చేపా పోలేదు. ధనరాజ్ కొట్టుకి ఇప్పుడు ఎవరూ సలహాకి వెళ్లరు. వాడు తీసిన వీడియోయే బావ సంతకాన్ని ఊరూరా నిలబెట్టింది. సోములు తడిగుడ్డ చుట్టుకుని మళ్లీ వచ్చాడు.

"నేనైతే యూరియానే రాసేవాణ్ని" అన్నాను బావతో.

"నా సంతకం మీద అబద్ధం ఎందుకుండాల? ఇంటికి తీసుకెళ్లి నా తొట్టిలో ఏసి సూపిస్తే ఆడు నమ్మీవోడు. సూపించలేదు. నమ్మడని తెలిసే ఆడి మాట ఆడికి అప్పజెప్పినాను."

అంత తియ్యగా నాకు ఏ మాటా వినబడలేదు. నెల రోజులు చెప్పుకుని మురిశాను.

మొన్న మా మొక్కజొన్న ఆకు పట్టుకెళ్లాను. బావ చూసి, చీటీ రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. నేను రెండుసార్లు చదివి, ఆ రోజు ధనరాజ్‌ని చూసినట్టు చూస్తున్నాడేమోనని ఆయన మొహంలోకి చూశాను.

"ఏటి, నువ్వూనా?" అన్నాడు బావ.

చీటీ మూడోసారి చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాను.